కారులో పోసిన ఒంపుడు నూనె

మొన్న మా అన్న కొడుకు కొత్తగా కొన్న కరెంటు కారులో నన్ను ఎక్కించుకుని నల్లగొండకు బయల్దేరినప్పుడు, పాత అలవాటు కొద్దీ, ముందు మూత ఎత్తి నూనె చూశావా అని అడిగాను. వాడు పకపకా నవ్వి, "దీన్ల నూనె పోసుడే ఉండది చిన్నాయినా. మా నాయిన ఉంటే దీన్ల గూడ ఏదో ఒక డబ్బా ఒంపుతుండె" అన్నాడు. మా పాత కారు ఇంజిన్‌ను రకరకాల నూనెలు కలిపి పాడుచేసింది వాళ్ళ నాయినే అని వాడి నమ్మకం. మా వదిన నమ్మకమూ అదే. పాడుచేసింది నేను.

మాది చిట్యాలలో తాతల నాడే మగ్గం వదిలి తక్కెడ పట్టుకున్న ఇల్లు, కిరాణా దుకాణం. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో వంటనూనె ప్యాకెట్లలో కాక పెద్ద రేకు డబ్బాలలో వచ్చేది, మేము దాన్ని కొలిచి జనం తెచ్చుకున్న సీసాల్లో పోసేవాళ్ళం. డబ్బా ఖాళీ అయినా మా బాపు దాన్ని పారెయ్యనిచ్చేవాడు కాదు. గరాటు మీద బోర్లించి ఎండలో పెడితే, అడుగున అంటుకున్న నూనె బొట్టు బొట్టుగా కింద ఇంకో డబ్బాలోకి దిగేది. పల్లి నూనె, కుసుమ నూనె, పామాయిల్ అన్న తేడా లేకుండా అన్నీ అందులోకే. దాన్ని మేము ఒంపుడు డబ్బా అనేవాళ్ళం. ఆ నూనె గిరాకీలకు అమ్మేవాళ్ళం కాదు, బాపు అంత చెడ్డవాడు కాదు, మేమే తినేవాళ్ళం. బేరం బాపు నోటి నుండి నేర్చాను, పొదుపు ఆ డబ్బా నుండి నేర్చాను, రెండూ అవసరానికి మించే నేర్చాను. చెప్పుల దుకాణంలో ఒక్క చెప్పుకే ధర తెంపి, రెండోది ఊరికే ఇమ్మని కూర్చున్న ఘనత నాది.

బాపు పోయాక దుకాణం మధ్యలో గోడ లేచింది. కొట్లాడుకుని కాదు, పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారని అన్నే నిలబడి కట్టించాడు. తెలంగాణ వచ్చిన ఏడాది ఇద్దరం కలిసి, ఇంకా ఏపీ నంబరు పలకతోనే ఉన్న ఒక పాత కారు కొన్నాం. కారుకు మధ్యలో గోడ కట్టరాదు గనుక అది ఒక్కటే ఉమ్మడిగా మిగిలింది. ఒక నెల దాని మంచిచెడ్డలు అన్నవి, మరుసటి నెల నావి అని ఒప్పందం. మెకానిక్ మొదటి రోజే ఏ నూనె పొయ్యాలో, పాతదంతా తీసేసి కొత్తది ఎప్పుడు నింపాలో చెబితే, అన్న ఆ ముక్కలు చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. తన నెలలో ఆ చీటీ చూపించి, సీలున్న డబ్బా తెప్పించి, తన కళ్ళ ముందే పోయించేవాడు. అదంతా చూసి నాకు నవ్వొచ్చేది.

నా నెలలో నా పద్ధతి వేరు. హైవే మీద లారీల షెడ్డు ముందు వాడి పారేసిన నూనె డబ్బాలు కుప్పగా పడి ఉండేవి. షెడ్డు యజమానిని మాటల్లో పెట్టి వాటిని ఊరికే తెచ్చి, బాపు చేసినట్టే గరాటు మీద బోర్లించేవాణ్ణి. ఒకదాంట్లో ట్రాక్టర్ నూనె అడుగు ఉండేది, ఒకదాంట్లో మోటార్ సైకిల్‌ది, ఇంకోదాంట్లో గేర్లలో పోసేది. అన్నీ నూనెలే గదా, నీళ్ళు కావు గదా అని నా లెక్క. కారు నడిచింది. అది నడిచినన్నాళ్ళూ నా అంత తెలివిగలవాడు చిట్యాలలో లేడనుకున్నాను. పాత నూనె మొత్తం తీయించవలసిన గడువు రెండుసార్లు నా నెలలోనే పడితే, రెండుసార్లూ తీయించానని అన్నకు చెప్పి, పైన కొంత ఒంపుడు నూనె పోసి మూత బిగించాను. అన్న మూత ఎత్తి చూడలేదు. తమ్ముడు చెప్పాక చూసేదేముంది అనుకుని ఉంటాడు.

తరువాత అన్నకు కిడ్నీలు పోయాయి. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ తిరుగుదామని కొన్న కారు వారానికి మూడుసార్లు నల్లగొండ దవాఖానకు పోయే బండి అయింది. నేనే నడిపేవాణ్ణి. లోపల మిషన్ ఆయన రక్తాన్ని వడగట్టేది, బయట నేను కారు మూత ఎత్తి డబ్బాలో తెచ్చింది పోసేవాణ్ణి. తిరిగి వచ్చేటప్పుడు ఆయన వెనక సీటులో కాళ్ళు ముడుచుకుని పడుకునేవాడు. మంచం మీద పట్టని నిద్ర ఆ సీటులో పడుతుందని వదినతో చెప్పుకునేవాడట.

ఒక మధ్యాహ్నం అట్లాగే వస్తుంటే, నార్కెట్‌పల్లి ఇంకా రాకముందే, స్టీరింగ్ ముందు ఎర్ర దీపం వెలిగింది. వెలిగితే వెలిగిందని ఇంకొంత దూరం పోనిచ్చాను. లోపల కటకటమని చప్పుడై, బండి ఒక్కసారి వణికి ఆగిపోయింది. ట్రాక్టరుకు కట్టి చిట్యాల మెకానిక్ దగ్గరికి ఈడ్పించాం. ఆయన ఇంజిన్ పై మూత విప్పితే, లోపలంతా పాత చింతపండు గుజ్జులా నల్లగా పేరుకుని ఉంది. వేలితో తీసి వాసన చూసి, "ఏందన్నా ఇది, నూనె పోసిండ్రా, మడ్డి పోసిండ్రా? నాలుగు తీర్లది కలిసి గిట్ల గడ్డ కట్టింది. గేర్ల నూనె వాసన గూడ వస్తాంది. ఎవరు పోసిండ్రిది?" అని గట్టిగానే అడిగాడు. అంగట్లో పదిమంది మమ్మల్ని ఎరిగినవాళ్ళే చుట్టూ ఉన్నారు.

నేను నోరు తెరిచేలోపే అని రాద్దామనుకున్నాను గాని, అబద్ధం ఎందుకు, నేను నోరు తెరవలేదు. పక్కన పాత టైరు మీద కూలబడ్డ అన్న, "నేనే పోసిన తియ్యి. కండ్లు మంచిగ కనవడ్తలేవు, ఏ డబ్బా దొరికితే గది పోసిన" అన్నాడు. కల్తీ చేసే చెయ్యి అనే పేరు పడితే నూనె అమ్ముకునే దుకాణం ఏమవుతుందో ఆయనకు తెలుసు. తన గతి ఎటూ తేలిపోయింది, తమ్ముడి దుకాణమైనా నిలవాలనుకున్నాడు. అప్పుడైనా నేను నిజం చెప్పి ఉండవలసింది. నా నోటి నుండి వచ్చిన మాట మాత్రం, "మరి పాత ఇనుము కింద ఎంతకు పోతది?"

అన్న నవ్వాడు. "జర ఆగురా, ముందుగాల నన్ను ఇంటికాడ దింపు. లేకుంటె నన్ను గూడ తూకమేస్తవు నువ్వు" అన్నాడు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను.

ఆ ఇంజిన్ బాగు చేయించడం కంటే వదిలించుకోవడమే మేలని తేలింది. కిరాయి కారు మాట్లాడతానంటే అన్న వద్దన్నాడు, బస్సు మంచిగనే ఉందన్నాడు. ఎక్స్‌ప్రెస్ బస్సులు మా ఊళ్ళో ఆగకుండా ఫ్లైఓవర్ మీదుగానే వెళ్ళిపోయేవి. ఆయన కింది రోడ్డు మీద, కాటన్ సంచి చేతికి తగిలించుకుని, ఆగే బస్సు కోసం నిలబడేవాడు. వచ్చేటప్పుడు సీటు దొరకని రోజున, సూదులు గుచ్చిన చేతిని ఛాతీకి ఆనించుకుని, రెండో చేత్తో కడ్డీ పట్టుకుని వచ్చేవాడు. తోడుగా నేనూ పక్కనే వేలాడుతూ వచ్చేవాణ్ణి.

ఒకరోజు ఆ కింది రోడ్డు మీదే తెగించి, "అన్నా, గా నూనె సంగతి..." అని మొదలుపెట్టాను. ఆయన రోడ్డు వైపే చూస్తూ, "బస్సొస్తాంది, జర చెయ్యి పట్టు" అన్నాడు. చెయ్యి పట్టి ఎక్కించాను. మళ్ళీ ఆ మాట ఎత్తే ధైర్యం నాకు రాలేదు, ఆయనా ఎత్తలేదు. వానలు వెనుకబట్టే వేళకు పోయాడు. కారు ఉన్నా ఇంతేనని డాక్టర్ అన్నాడు. ఆ మాట పట్టుకుని నాతో నేను చాలాకాలం బేరమాడాను. ప్రాణం పోవడంలో నా పాపం లేకపోవచ్చు, ఆ చివరి నెలల నిద్రను మాత్రం నేనే తిన్నాను. వదినకు చెప్పాలని రెండుసార్లు వాకిలి దాకా పోయి, చాయ్ తాగి వచ్చాను.

ఇప్పుడు మా దుకాణంలో అన్నీ ధర అచ్చువేసిన ప్యాకెట్లే, బేరమాడేవాళ్ళూ తగ్గారు. నేనూ అంగట్లో చెప్పిన ధరకే కూరగాయలు తెస్తుంటే, ఒంట్లో బాగుండలేదేమోనని మా ఆవిడ నుదురు తాకి చూస్తుంది. బాగానే ఉన్నాను. అన్నతో అంగడికి పోయిన రోజుల్లో నేను అమ్మేవాళ్ళ నోరు నొప్పి పుట్టేదాకా ధర తెంపి, గెలిచానని ముందు నడిచేవాణ్ణి. వెనక వస్తున్న అన్న వాళ్ళ చేతిలో గుట్టుగా ఇంకొంత పెట్టేవాడని ఆయన పోయాక వాళ్ళే చెప్పారు. నేను తెగ్గోసిన దాన్ని వెనక నుండి పూడ్చే మనిషి లేడు గనుక, తగ్గించమని అడగడం మానుకున్నాను.