ఆరో సిలిండర్‌లో సంగటి ముద్ద

ఏడో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. ఆయన నన్ను పాస్ చేయడు, నేను ఆయన్ని ఇబ్బంది పెట్టను. అలా బడి మానేసి హొసకోటెలో ఒక లారీ షెడ్డులో స్పానర్ పట్టినవాడిని, ఇప్పుడు బొమ్మనహళ్ళిలో సొంత షెడ్డు పెట్టుకుని పాత కార్లు బాగుచేస్తున్నాను. పాత కార్లంటే డబ్బులేని వాళ్ళవి అనుకునేరు. ఈ ఊళ్ళో కొత్త కారు ఎవరైనా కొంటారు. తాత వయసున్న కారు కొని, దానికి దుప్పటి కప్పి పడుకోబెట్టాలంటే మాత్రం ఎలక్ట్రానిక్ సిటీలో పెద్ద ఉద్యోగం ఉండాలి.

అలాంటి సారు ఒకాయన, బెజవాడ వైపు మనిషి, వరసగా ఆరు సిలిండర్లున్న పాత ఇంజను కారు తెచ్చాడు. హెడ్డు పగిలింది. హెడ్డంటే ఇంజను మీద మూతలా బిగించే ఇనుప దిమ్మె, వాల్వులు అందులోనే ఉంటాయి. అలాంటిది మళ్ళీ దొరకదు. అందుకని అదే కంపెనీ తర్వాతి రోజుల్లో చేసిన ఇంకో ఇంజను హెడ్డును సారు విదేశం నుంచి తెప్పించాడు. దానితోపాటు ల్యాప్‌టాప్‌లో ఒక పట్టిక కూడా. ఏ హెడ్డు ఏ ఇంజనుకు సరిపోతుందో అందులో జాతకాలు కలిపినట్టు రాసిపెట్టారు. బోల్టు రంధ్రాలు కలిశాయి, నీళ్ళ దారులు కలిశాయి. పాత కార్ల వాట్సాప్ గ్రూపులో పెద్దలంతా ఆశీర్వదించారు. ఆ పెద్దల్లో ఒక్కరి గోళ్ళలోనూ గ్రీజు ఉండదని నా నమ్మకం.

"ముప్పై ఆరు గుణాలూ కుదిరినాయి సార్. కాపురం చేస్తాయా అని ఎవురన్నా అడిగినారా?" అన్నాను.

నా అనుమానం ఊరికే కాదు. కొత్త హెడ్డులో వాల్వులు పెద్దవి. కిందికి దిగే వాల్వు పైకొచ్చే పిస్టన్‌కు తగిలిందంటే ఇంజను ఒక్క నిమిషంలో తుక్కు. ఆ ఇంజను పోతే ఇంకోటి లేదు. సారేమో ఆదివారం పాత కార్ల ఊరేగింపులో బండి నడుపుతానని గ్రూపులో చాటేశాడు.

నాకు పని నేర్పిన ఉస్తాదు ఇలాంటప్పుడు గోధుమపిండి ముద్ద పిస్టన్ మీద పెట్టేవాడు. హెడ్డు బిగించి, ఇంజనును చేత్తో తిప్పి, మళ్ళీ విప్పి చూస్తే వాల్వు ఎంత లోపలికి దిగిందో ముద్దలో అచ్చు పడి ఉంటుంది. షెడ్డులో గోధుమపిండి ఎక్కడిది? నా క్యారియర్ విప్పి, చల్లారి గట్టిపడిన రాగి సంగటి తుంచి, నూనె రాసి మొదటి సిలిండర్‌లో పెట్టాను.

సారు ముఖం మాడిపోయింది. "ఇంజిన్‌లో ఫుడ్ పెడతారేంటండీ? వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య క్లియరెన్స్ ఓకే అని గ్రూపులో రాశారు కదా."

"ఆ రాసినోళ్ళను రమ్మనండి సార్. వాళ్ళ వేలు పెడ్దాము. నాకు సంగటి మిగులుతాది."

బిగించి, తిప్పి, విప్పాను. ముద్దలో అచ్చు చక్కగా పడింది. అచ్చు కింద ఇంకా ఊతప్పమంత మందం మిగిలి ఉంది. ఇంకేం, పక్క టీ కొట్టు వాళ్ళకు కూడా వినబడేలా బడి చదువులకూ చేతి పనికీ ఉన్న తేడా మీద ఉపన్యాసం ఇచ్చి, మిగిలిన సంగటి తినబోయాను.

"మిగతా అయిదు?" అన్నాడు సారు.

"ఆరూ ఒకే తల్లి బిడ్డలు సార్. పెద్దోడు మంచోడైతే చిన్నోడు దొంగ అయితాడా?"

"మా ఇంట్లో అయ్యాడండీ," అన్నాడు సారు నవ్వకుండా. ఒక్కటి టెస్ట్ చేసి అన్నీ బాగున్నాయని చెబితే తన ఆఫీసులో మర్నాడే ఇంటికి పంపిస్తారట.

సరే, పెద్ద ఉద్యోగస్తుడి ముచ్చట ఎందుకు కాదనాలని వెక్కిరింపుగానే మిగిలిన సంగటినంతా అయిదు సిలిండర్లకు పంచాను. నాకు పులుసు మిగిలింది. మళ్ళీ బిగించి, తిప్పి, విప్పాను. రెండోది ఊతప్పం. తర్వాతవి వరసగా పలచబడుతూ దోసెలయ్యాయి. ఆరోదానిలో ముద్ద తెగిపోయి, అచ్చు మధ్యలో పిస్టన్ లోహం తళతళా మెరిసింది.

హెడ్డు అడుగును ఎవడో ఎప్పుడో ఏటవాలుగా చెక్కించాడు, ఆరో సిలిండర్ వైపు కొస పలచబడి ఉంది. పొద్దున దాని మీద అరచెయ్యి రాసి, గాజు పలకలా ఉందని సర్టిఫికెట్ ఇచ్చింది నేనే. మొదటిది చూసి బండి స్టార్ట్ చేసి ఉంటే ఆ ఇంజనుకూ, బొమ్మనహళ్ళిలో నా పేరుకూ ఒకేసారి దినం పెట్టాల్సివచ్చేది. సారు ల్యాప్‌టాప్ మూసి, ఖాళీ క్యారియర్ వైపు చూసి, భోజనానికి పోదాం రమ్మన్నాడు.

ఆదివారం ఊరేగింపు ఆ బండి లేకుండానే జరిగింది. హొసకోటెలో ఇనుముకు అతుకు వేసే పెద్దాయన చేత పాత హెడ్డునే బాగుచేయించి బిగించాను. ఇప్పటికీ నడుస్తోంది.

బండి తీసుకుపోయే రోజు సారు ఫోన్ చూపించాడు. తెగిన ముద్ద ఫోటో గ్రూపులో పెట్టాడట. ఆ బ్రౌన్ కాంపౌండ్ ఏ కంపెనీది, ఎక్కడ దొరుకుతుందని నలుగురు పెద్దలు అడిగారు.

"మా ఇంటామెది అని రాయండి సార్," అన్నాను.

"ఆరోది ఎవరు పెట్టమన్నారో కూడా రాయనా?"

"మీ ఇష్టం సార్," అని బోనెట్ తుడవడంలో మునిగిపోయాను. ఆయన చాలాసేపు టైపు చేశాడు, అదీ ఇంగ్లీషులో. ఏం రాశాడో నేను అడగలేదు. అడగాల్సిన పనీ లేకపోయింది. ఆ గ్రూపు వాళ్ళు ఎవరు షెడ్డుకు వచ్చినా, బండి తాళం నా చేతికి ఇవ్వకముందే ఆరో సిలిండర్ సంగతి అడుగుతున్నారు.