గుట్ట మీది సిగ్నల్

మస్కట్‌లో ఏ దిక్కు చూసినా బోడి కొండలే. చెట్టు లేదు, గడ్డి లేదు, ఎండకు మాడిన రాళ్ళు తప్ప. వాటి మధ్యలోంచే నున్నటి రోడ్లు, ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. చెన్నూరులో స్కూటీ నడిపిన నాకు ఎత్తంటే గోదావరి గట్టే. ఇక్కడ కూరగాయలకు పోవాలన్నా ఒక కొండ దాటాలి.

నేను నర్సును. ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళకు సూదులు వేసి, కట్లు మార్చే పని. మొదట్లో క్లినిక్ డ్రైవరు దింపేవాడు. తర్వాత మేనేజరు పిలిచి, ఇకమీదట నర్సులే కారు నడుపుకోవాలని, వేసవి లోపు లైసెన్సు రాకపోతే వీసా పొడిగించేది లేదని చెప్పాడు. ఊళ్ళో మా ఆయన సంపాదన అంతంతమాత్రం. అమ్మాయి చదువు నా జీతం మీదే నడుస్తోంది.

రోడ్డు టెస్టులో అన్నీ బాగానే చేశాను. బెల్టు పెట్టుకున్నాను, అద్దాలు చూశాను, హారన్ ముట్టుకోలేదు. మన దగ్గర హారన్ కొట్టకపోతే బండి ఉన్నట్టే కాదు. ఇక్కడ కొడితే తిట్టినట్టు. చిక్కంతా గుట్ట మీది సిగ్నల్ దగ్గర వచ్చింది. సగం ఎక్కాక ఎర్ర లైటు పడితే ఆగి, పచ్చ పడగానే వెనక్కి జారకుండా కదలాలి. అద్దంలో చూస్తే వెనక నీళ్ళ ట్యాంకరు. భయమేస్తే మా ఇంట్లో చేసే పని ఒకటే. చేతులు జోడించి, తల వంచి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను.

బ్రేకు మీంచి కాలు ఎప్పుడు జారిందో తెలియదు. కళ్ళు తెరిచేసరికి పక్క సీట్లో కూర్చుని టెస్టు తీసుకుంటున్న పోలీసమ్మ హ్యాండ్‌బ్రేకు లాగి పట్టుకుని ఉంది.

"నిద్రపోయావా?" అని హిందీలో అడిగింది. ఫెయిల్.

రెండోసారీ అదే గుట్ట, అదే పోలీసమ్మ, అదే ప్రార్థన. ఈసారి చిన్నదే చేశాను. అయినా ఫెయిల్.

మాది మిషన్ కాలం నుంచి మెథడిస్టు కుటుంబం. బస్సెక్కినా ప్రార్థనే, బావి మోటారు వేసినా ప్రార్థనే, అదీ కళ్ళు మూసుకునే. చిన్నప్పుడు నేను ఒక కన్ను తెరిస్తే చాలు, మా అవ్వ నెత్తి మీద ఒకటి వేసేది. అలా పెరిగిన రెప్పలు నలభై దాటాక నా మాట వింటాయా?

ఇంకొక్క టెస్టుకే సమయముంది. అదీ పోతే ఇంటికే. అవ్వకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. కళ్ళు తెరిచి చేస్తే ప్రార్థన చెల్లుతుందో లేదో పాస్టరుగారిని అడగమన్నాను.

"పాస్టరెందుకే. చెల్లుతది, నేను చెప్తున్న గదా," అన్నది.

"నీకెట్ల తెలుసు?"

"నేనెన్నడన్న మూసుకున్ననా? మూసుకుంటే నువ్వు కన్ను తెరిచినవని నాకెట్ల తెలుస్తుండె? పొయ్యి మీద పాలుండె, వాకిట్ల కోళ్ళుండె, పక్కన నువ్వుంటివి. గిన్ని పెట్టుకొని కండ్లు మూసుకుంటే ఇల్లు నడుస్తదా?"

నాకు ఒళ్ళు మండింది. తిన్న మొట్టికాయలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"మరి నన్నెందుకు కొట్టినవే?"

"అప్పుడు నీ చేతుల ఏం పని లేకుండె. ఇప్పుడు బండున్నది. రోడ్డు చూసుకుంట అడుగు, దేవుడు ఇంటడు. ఫికర్ చెయ్యకు," అని ఫోన్ పెట్టేసింది.

మూడో టెస్టులోనూ గుట్ట మీద ఎర్ర లైటే పడింది. వెనక మళ్ళీ ట్యాంకరే. రెప్పలు వాలకుండా లైటునే గుడ్లప్పగించి చూస్తూ, ఈసారి పైకే మొదలుపెట్టాను.

"ప్రభువా, గీ బండి ఎనుకకు పోకుండ చూడు తండ్రీ..."

పోలీసమ్మ ఉలిక్కిపడింది. ఫోన్లో మాట్లాడుతున్నాననుకుని ముందు నా చెవి దగ్గర, తర్వాత నా ఒళ్ళో వెతికింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"దేవుడితో, మేడం," అన్నాను, చూపు తిప్పకుండా. "వెనక ట్యాంకరుంది."

ఆమె అద్దంలో ట్యాంకరును చూసింది.

"ఆమీన్," అన్నది నెమ్మదిగా. "పచ్చ పడింది, పో."

బండి వేలెడు కూడా వెనక్కి జారలేదు. గుట్ట పైకి చేరగానే ఆమె కాగితం మీద సంతకం పెట్టి, పాసయ్యావంది. మా అమ్మాయి చదువు ఆగదని తెలిసి ఏడుపు తన్నుకొచ్చింది. కళ్ళల్లో నీళ్ళొస్తే రోడ్డు కనిపించదని, బండి ఆపేదాకా ఏడవలేదు.