సలాలా చెట్టుకి కన్నమ్మ పెట్టిన గాటు

మలేషియాలో సుంగై సిపుట్ బజారులో కన్నమ్మని ఎరగనివాళ్లు లేరు. మార్కెట్ మెట్ల పక్కన ఆమె పూజ సామాన్ల కొట్టు ఉంది. కొట్టంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు బల్లలు, పైన ఒక రేకు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. అరవై మూడేళ్ల కన్నమ్మ ఆ కుర్చీలో కూచుని కర్పూరం, పసుపు, వత్తులు అమ్ముతుంది. ఎవరింట్లో ఏ పూజ ఎలా చెయ్యాలో అడక్కపోయినా చెబుతుంది. అంతకుముందు ముప్పై నాలుగేళ్లు రబ్బరు తోటలో చెట్లు గీసింది. తోట కొట్టేసి పామాయిల్ మొక్కలు వేశాక బజారులోకి వచ్చింది. ఏ పనైనా నా చేతికి లొంగుతుందనే ధీమా ఆమెకి తోటలోనే పుట్టింది. అది మాత్రం తోటతో పోలేదు.

ఆమెకి అన్నిటికన్నా గర్వం, రాముడి గుడిలో దసరా ధూపం. పదకొండేళ్లుగా తొమ్మిది రోజులూ గుడికి సాంబ్రాణి ఆమె కొట్టు నుంచే వెళ్లేది. పంపించి ఊరుకునేది కాదు. సాయంత్రం తనే నిప్పులు రాజేసి, ధూపం పట్టుకుని గుడంతా తిరిగేది. జనం ఆ పొగని అరచేతుల్తో తీసుకుని తలకి అద్దుకునేవాళ్లు.

నిరుడు ఆ పేరు కాస్తా పోయింది. వ్యానులో వచ్చిన కొత్త వ్యాపారి ఒకడు పెద్ద పెద్ద తెల్లటి పలుకులు చూపించాడు. మెరుస్తున్నాయి కదా అని కన్నమ్మ కాల్చి చూడకుండా కొనేసింది. రెండో రోజు ధూపం వెయ్యగానే నల్లటి పొగ, టైరు కాలిన కంపు. పిల్లలు దగ్గుకుంటూ బయటికి పరిగెత్తారు. రుక్మణి అనే పెద్దావిడకి ఊపిరాడక ఇద్దరు పట్టుకుని బయటికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

ఈ ఏడు జూలైలో గుడి కమిటీ పెద్ద కృష్ణకుమార్ కొట్టు దగ్గరికి వచ్చాడు. ఏమీ కొనకుండా కాసేపు నిలబడ్డాడు. అప్పుడే కన్నమ్మకి సంగతి తెలిసిపోయింది.

"సెప్పు తమ్ముడూ. నిలబడితే కాళ్లు నొప్పెడతాయి."

"అక్కా, ఈ ఏడు దూపం వొద్దనుకుంటన్నాం. ఊదొత్తులు సాలు."

"పదకొండేళ్లు బాగున్నది ఒక్క రోజుకే పాడైపోనాదేటి?"

"రుక్మణి పిన్ని ఇంకా గుడికి రాడానికి బయపడతన్నాది. నేనేటి సెయ్యను?"

కన్నమ్మ బల్లమీది కర్పూరం పొట్లాలు సర్దింది.

"ఒక పని సెయ్యి," అంది చివరికి. "మంచి సరుకు తెచ్చి మీ ముక్కుల ముందర కాలుస్తాను. రుక్మణి వొదిన దగ్గినాదంటే ఊదొత్తులు నేనే కొనిస్తాను. అందాకా ఎవులికీ ఏటీ సెప్పకు."

"ఎక్కడ్నుంచి తెస్తావు?"

"సెట్టు కాడ్నుంచి."

మాట తొందరపడి ఇచ్చింది కాదు. ఆమె చెల్లెలి కూతురు మాధవి ఒమాన్ దేశంలో, సలాలా అనే సముద్రపొడ్డు ఊళ్లో నర్సు. రెండేళ్లుగా "పెద్దమ్మా రా, ఇక్కడ వానాకాలం సూద్దువు గాని" అని ఫోన్లు చేస్తోంది. కన్నమ్మ ప్రతిసారీ ఒకటే అనేది: వానని చూడ్డానికి విమానం ఎక్కాలా, మా రేకు కింద కూచుంటే చాలదా అని. ఇప్పుడు ఆమెకి గుర్తొచ్చింది వాన కాదు. ఆ ఊరి వెనక కొండల అవతల సాంబ్రాణి చెట్లున్నాయని మాధవి ఎప్పుడో అంది. వాళ్లు దాన్ని లుబాన్ అంటారట. మన సాంబ్రాణికి పెద్దన్నలాంటిదట.

ఆగస్టులో కన్నమ్మ పాస్‌పోర్టు తీయించి, గొడుగు ఒకటి సంచిలో పెట్టుకుని విమానం ఎక్కింది.

సలాలాలో దిగి కారులో వెళ్తుంటే రోడ్డు పక్కన కొబ్బరి చెట్లు, అరటి తోటలు, బొప్పాయిలు, పందిళ్ల కింద కొబ్బరిబోండాలు. పైన సన్నటి తుంపర. కన్నమ్మ అద్దంలోంచి చాలాసేపు చూసింది.

"మాధవీ, నన్ను సుట్టూ తిప్పి మల్లీ మనూరే తెచ్చినారేటే?"

"ఒంటెలు కూడా ఉన్నాయి పెద్దమ్మా."

నిజంగానే మలుపులో పొగమంచులోంచి అయిదు ఒంటెలు వచ్చి రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. ఒంటెలకి తీరిక దొరికేదాకా కార్లన్నీ ఆగాయి.

మర్నాడు మాధవి ఆమెని కొండమీదికి తీసుకెళ్లింది. కొండంతా పచ్చగా, తడిగా, తివాచీ పరిచినట్టుంది. ఎడారి ఊళ్లనుంచి పదేసి గంటలు కారు నడుపుకుంటూ వచ్చిన కుటుంబాలు తడి గడ్డిమీద చాపలు వేసుకుని, తుంపరలో టీ తాగుతున్నాయి. పిల్లలు మొహాలు పైకెత్తి నిలబడ్డారు. అంత జనంలో గొడుగు వేసుకున్నది ఒక్క కన్నమ్మే. ఒకావిడ జాలిగా చూసి కాల్చిన మొక్కజొన్న కండె ఇచ్చింది.

రబ్బరు గీసేవాళ్లకి తుంపరంటే తెల్లవారి పని పోయినట్టే. చెట్టు తడిస్తే గీయకూడదు, పాలు గాటులోంచి పొర్లి నేలపాలవుతాయి. ముప్పై నాలుగేళ్లు ఆమె తుంపర పడినప్పుడల్లా ఆకాశాన్ని తిట్టింది. ఇక్కడ జనం దానికోసమే ఏడాదంతా కాచుకుంటారట. కన్నమ్మ కాసేపు ఆలోచించి గొడుగు ముడిచేసింది. జుట్టు తడిసింది. బాగానే ఉందనుకుంది.

మూడో రోజు ఉదయం మాధవి డ్యూటీకి పోతూ, తెలిసిన కేరళ డ్రైవరుకి పెద్దమ్మని అప్పజెప్పింది. అతనికి అరబ్బీతో పాటు కాస్త తమిళమూ వచ్చు, కన్నమ్మకి తమిళం వచ్చు. మధ్యలో సర్దుకుపోయారు. కొండ దిగి అవతలికి వెళ్లేసరికి ఎవరో గీత గీసినట్టు వాన ఆగిపోయింది. ఇటు పచ్చ, అటు రాళ్లు. ఆ రాళ్లలో మనిషికన్నా కొంచెం ఎత్తు చెట్లు, పొరలు పొరలుగా రేగిన బెరడుతో.

"ఇయ్యేనా?" అంది కన్నమ్మ, తనకి ఎవరో ఘనంగా చెప్పిన పెళ్లికొడుకుని చూసినట్టు.

ఆ చెట్ల ఆసామి సుహైల్. డెబ్బై దాటిన మనిషి, నడుముకి లుంగీ, తలకి గళ్ల గుడ్డ. పికప్ బండి వెనకాల గోనెసంచిలోంచి గుప్పెడు పలుకులు తీసి కన్నమ్మ చేతిలో పోశాడు. ఆకుపచ్చ నీడలున్న తెల్లటి బిళ్లలు. ఒకటి నిప్పుమీద వేశాడు. తెల్లటి సన్నటి పొగ లేచింది. నిమ్మతొక్క నలిపినట్టు వాసన. కన్నమ్మ కావాలనే మొహం దగ్గరగా పెట్టి గట్టిగా పీల్చింది. దగ్గు రాలేదు.

"ఇదే. రెండు కిలోలు," అంది. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు.

సుహైల్ సంచి కట్టడానికి తాడు వెతుకుతుంటే, కన్నమ్మ చెట్టు దగ్గరికి వెళ్లింది. బెరడుమీద కోడిగుడ్డంత మేర గీకి వదిలేసినట్టు అక్కడొకటి, ఇక్కడొకటి మచ్చలు. మచ్చల మీద పాలచుక్కలు నిలబడి ఉన్నాయి. పాలు చూసేసరికి ఆమె చేతులకి పాత రోజులు వచ్చేశాయి.

"పాపం, ఎవులో పని తెలీనోడు గీకినాడు," అనుకుంది. పైన ఎడమనుంచి కింద కుడికి వాలుగా గాటు పెడితే పాలు జారిరావా? ఒక్క గిన్నె కడితే చాలదా?

కొమ్మకి ఒక గుండ్రటి మొన కత్తి వేలాడుతోంది. తీసుకుంది. ఒక్క ఊపున, జానెడు పైగా, నున్నగా, వాలుగా, రబ్బరు చెట్టుకి పెట్టినట్టే గాటు పెట్టి, "సూడండి, ఇలా సేస్తే సరి," అంటూ తిరిగింది.

సుహైల్ తాడు పట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత రెండు మాటలన్నాడు. డ్రైవరు వెంటనే తమిళంలోకి తిప్పలేదు.

"ఏటంతన్నాడు?"

"ఆ చెట్టు వాళ్ల నాన్న చూసుకున్న చెట్టంట అమ్మా. వాళ్ల ఇంటి చెయ్యి తప్ప వేరే చెయ్యి దాన్ని గియ్యకూడదంట." డ్రైవరు కాలితో రాయిని దొర్లించాడు. "సరుకు అమ్మనంటున్నాడు. ఎక్కండి, పోదాం."

సాయంత్రం మాధవి కన్నమ్మని సముద్రం పక్క బజారుకి తీసుకెళ్లింది. వరసగా కొట్లు, కొట్టుకొక ధూపం, రాశులు పోసిన లుబాన్.

"ఇక్కడ కొనుక్కో పెద్దమ్మా. అన్నీ మంచివే."

"మంచివే అయ్యుంటాయి. నిరుడు కూడా అలాగే అనుకుని కొన్నాను." కన్నమ్మ ఒక పలుకు ఎత్తి చూసి మళ్లీ రాశిలో పెట్టేసింది. "సెట్టు కాడ్నుంచి తెస్తానని నోటితో సెప్పినాను. రుక్మణి వొదినకి నేనేటని సెప్పాలి? ఎక్కడిదో తెలీదని మల్లీ సెప్పాలా?"

"ఆయన ఇవ్వనన్నాడు కదా."

"ఇయ్యకపోతే పోనీ. సెట్టుకి తప్పు సేసినాను, ఆయనకి సెప్పాలి కదేటి."

తోటలో ఒక పద్ధతి ఉండేది. కత్తి బెరడు దాటి లోపలి చెక్కకి గాయమైతే, పని చూసే కంగాణీ కనిపెట్టేదాకా ఆగకూడదు. గీసినవాళ్లే వెళ్లి "ఫలానా వరసలో ఫలానా చెట్టుకి నేను గాయం చేశాను" అని చెప్పాలి. గాయంమీద బంకమట్టి పూయాలి. దాచినవాళ్లకి మళ్లీ మంచి వరస ఇచ్చేవాళ్లు కాదు. ముప్పై నాలుగేళ్లలో కన్నమ్మ అలా చెప్పింది మూడుసార్లే. ఇది నాలుగోది.

మర్నాడు మాధవి ఇంటి వెనక మట్టి తవ్వి, నీళ్లు పోసి పిసికి, డబ్బాలో పెట్టుకుని మళ్లీ కారెక్కింది. డ్రైవరు డబ్బా వైపు చూశాడు గానీ అడగలేదు.

సుహైల్ అదే చెట్టు కింద కూచుని ఉన్నాడు. కన్నమ్మ వెళ్లి ఎదురుగా నిలబడి, చెప్పాల్సింది దాపరికం లేకుండా చెప్పింది.

"నిన్న గీసింది నేనే. ముప్పై నాలుగేళ్లు రబ్బరు సెట్లు గీసినాను. నీకు పని రాదనుకుని, నాకొచ్చని సూపించబోయినాను. అడగలేదు. అదీ నా తప్పు. మాఫ్."

చివరి మాట ఆమె మలాయిలో క్షమించమనడానికి అనేదే, అది అరబ్బీలోంచి వచ్చిన మాట. డ్రైవరు తిప్పక ముందే అది ముసలాయనకి చేరింది. ఆయన మొహంలో ఏమీ మారలేదు గానీ కూచోమని రాయి చూపించాడు. కన్నమ్మ కూచోకుండా డబ్బా మూత తీసి మట్టి పుయ్యబోయింది. ఆయన గబుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"మట్టి వద్దంట అమ్మా," అన్నాడు డ్రైవరు, ఈసారి నవ్వు ఆపుకుంటూ. "దాని మందు అదే పూసుకుంటుందంట. మీరు సాయం చెయ్యడం ఆపితే చాలంట."

కన్నమ్మ గాటువైపు చూసింది. ఆమె అనుకున్నట్టు పాలు గాడివెంట జారలేదు. పొడవునా ఎక్కడివక్కడే చిన్న పూసల్లా గట్టిపడి నిలబడ్డాయి. ఈ చెట్టు పారే చెట్టు కాదు, నిలిచే చెట్టు. మచ్చలు గీకింది పని తెలిసినవాడే.

సుహైల్ పూసలు రెండు గోటితో రాల్చి, గాడివెంట బొటనవేలు నెమ్మదిగా నడిపించాడు. చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాడు. తర్వాత కన్నమ్మ చెయ్యి చూశాడు, కత్తి పట్టుకుని కాయలు కాసిన చోటు.

"గాటు పొడుగెక్కువ," అని డ్రైవరు చెప్పాడు. "కానీ చెక్కకి తగల్లేదంట. ఇంత పొడుగు గీసి చెక్కకి తగలకుండా ఆపిన చెయ్యి ఆయన చూళ్లేదంట."

"ఆపకపోతే కంగాణీ ఊరుకుంటాడేటి," అంది కన్నమ్మ.

ఆయన కత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు. తన చెయ్యి పైన వేసి, పక్క చెట్టుమీద గుడ్డంత మేర ఎలా తీయాలో చూపించాడు. మొదట వచ్చే పాలు గీకి పారేయాలట. రెండుసార్లు పారేశాక వచ్చేదే దేవుడి దగ్గరికి పోయే సరుకట. ఇద్దరూ మధ్యాహ్నందాకా ఏడు చెట్లు చేశారు. డ్రైవరు కారులో నిద్రపోయాడు. వాళ్లకి అతని అవసరం పడలేదు.

వచ్చేటప్పుడు సంచిలో సుహైల్ అమ్మిన రెండు కిలోల లుబాన్ ఉంది.

సుంగై సిపుట్‌కి వచ్చిన మర్నాడు సాయంత్రం కన్నమ్మ ధూపం పట్టుకుని కొట్టుకి కాదు, తిన్నగా రుక్మణి ఇంటికి వెళ్లింది. కృష్ణకుమార్‌ని కూడా రమ్మంది. రుక్మణి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూచుంది. ధూపం చూడగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"వొద్దే కన్నమ్మా. నా పేనం తీస్తావు."

"తీస్తే ఈ తమ్ముడు సాచ్చీకం ఉన్నాడు. ఒక్క పలుకే వొదినా."

నిప్పుమీద పలుకు వేసింది. తెల్లటి పొగ లేచి గుమ్మంవైపు తిరిగింది. కృష్ణకుమార్ రుక్మణి మొహంకేసే చూస్తున్నాడు. రుక్మణి చాలాసేపు కొంగు తియ్యలేదు. తర్వాత కొంచెం జరిపింది. ఇంకొంచెం జరిపింది.

"ఎక్కడిదే ఇది?"

"కొండకవతల, సుహైలని ముసలాయన సెట్లవి. మొదట్లో ఆయన ఇయ్యనన్నాడు. ఆయన నాన్న సూసుకున్న సెట్టుకి అడక్కుండా గాటెట్టేసినాను మరి."

"నువ్వు మారవే."

"మారినాను వొదినా. ఇప్పుడు గుడ్డంతే తీస్తన్నాను."

కృష్ణకుమార్ నవ్వేశాడు. "దసరాకి తొమ్మిది రోజులకీ సరిపోద్దా అక్కా?" అన్నాడు. అదే కమిటీ నిర్ణయం అని కన్నమ్మకి అర్థమైంది గానీ ఆమె అతనివైపు చూడలేదు. రుక్మణి కొంగు వదిలేసి, రెండు అరచేతులూ చాపి, పొగని తలమీదికి తీసుకుంటోంది.

"ఏటలా సూస్తావు," అంది రుక్మణి. "ఇంకో పలుకు ఎయ్యి."