నా కుడి మడమ డాక్టరు గారు

మొన్న ఉదయం అభిషేకం ముగించి ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏవండీ, మీ మడమల డాక్టరు గారు పోయారటండీ. గుండెనొప్పిట" అంది. చేతిలోని ప్రసాదం గిన్నె ఆవిడకిచ్చి అరుగు మీద కూలబడ్డాను. ఆయన నాకంటే పన్నెండేళ్లు చిన్న. ఏడుపొచ్చింది, ఏడ్చాను. కాసేపటికి, చెప్పడానికి సిగ్గుగానే ఉంది కానీ, నవ్వొచ్చింది. ఆయన్ని తలుచుకుని నవ్వకుండా ఉండటం నా వల్ల అయ్యే పని కాదు.

మాది నిడదవోలు దగ్గర పల్లె. అక్కడి శివాలయంలో నేను అర్చకుణ్ణి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక వేసవిలో కుడి మడమకు నొప్పి పట్టుకుంది. పొద్దున్నే మంచం దిగి కాలు కింద పెడితే మేకు మీద పెట్టినట్టుండేది. గర్భగుడిలో చెప్పులేసుకోవడం కుదరదు, రాతి నేల మీద గంటల తరబడి నిలబడక తప్పదు. పీట వేసుకుని కూర్చుని పూజ కానిచ్చి, హారతికి మాత్రం లేచేవాణ్ణి. కొన్నాళ్లు చూసి కమిటీ ప్రెసిడెంటు గారు మర్యాదగానే చెప్పారు. "పంతులు గారూ, కార్తీకం నెల్లాళ్లూ జనం విరగబడతారు కదండీ. అప్పటికీ ఇలాగే ఉంటే వేరే అయ్యవారిని చూసుకోవాలండి. మరోలా అనుకోకండి." అది మా తాతగారు, నాన్నగారు నిలబడిన చోటు. మరోలా అనుకోకుండా ఎలా ఉంటాను?

మా ఆవిడ ఇటుక కాల్చి, మీద జిల్లేడాకులు పరిచి, మడమతో తొక్కమంది. తొక్కాను. నొప్పి తగ్గలేదు, పైగా బొబ్బ లేచింది. ఒక పెద్ద డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక పెరిగింది, కోయాలన్నారు. ఆ మాటకు హడలిపోయి, ఎవరో చెబితే నిడదవోలులో ఈయన దగ్గరికి వెళ్లాను. ఒక్క గది, ఒక్క బల్ల. బొబ్బ చూసి, "ఒక బాధతో రావాలండీ పంతులు గారూ, రెండేసి తెచ్చుకుంటే ఎలాగండీ?" అన్నారు. డాక్టరు గారూ అని పిలిస్తే, "డాక్టర్ని కాదండీ, ఫిజియోథెరపిస్టుని" అని ప్రతిసారీ దిద్దేవారు. అంత పొడుగు మాట నేనెక్కడ పలుకుతాను?

మొదటి రోజు ఆయన వంగి నా పాదం రెండు చేతులా పట్టుకోగానే, అలవాటు కొద్దీ "దీర్ఘాయుష్మాన్‌భవ" అనేశాను. ఆయన తలెత్తి, "దీవెన తర్వాతండీ, ముందు కాలు వదులుగా పెట్టండి" అన్నారు. వెళ్లినప్పుడల్లా ఆయన పట్టుకునేవారు, నా నోట అదే వచ్చేది. అన్నిసార్లు దీవించానే, ఒక్కటైనా తగల్లేదే అని మొన్నటి నుంచీ స్వామి మీద కోపంగా ఉంది.

ఆయన బొటనవేలి బలం గురించి చెప్పకపోతే పాపం. నొప్పి ఉన్న చోటు దగ్గర పడుతోందంటే ఏదో ఒకటి అడిగేవారు. "పంతులు గారూ, వచ్చే ఏకాదశి ఎప్పుడండీ?" నేను వేళ్ల మీద తిథులు లెక్కపెట్టడం మొదలుపెట్టేవాణ్ణి. సరిగ్గా నవమి దగ్గర బొటనవేలు దిగేది. నా కేకకు బయట బెంచీ మీదున్నవాళ్లు లేచి వెళ్లిపోయేవారు.

నాలుగు రోజులు నొక్కి చూశాక ఆయన అన్నారు. "ఎముక కాదనిపిస్తోందండీ. అరికాలి కింద నార పట్టీ లాంటి పొర ఒకటి ఉంటుంది. అది వాచినట్టుంది. నా చేతికి తెలుస్తోంది కానీ, కంటితోనూ చూద్దాం. రేపు రాజమండ్రిలో స్కానింగ్ సెంటరుకి వచ్చేయండి, నేనూ వస్తాను."

స్కానింగ్ అంటే కడుపులో బిడ్డను చూసేదని తప్ప మా ఇంట్లో ఇంకేమీ తెలియదు. మా ఆవిడ ఇద్దరు పిల్లలప్పుడూ చేయించుకుంది. "నీళ్లు బాగా తాగి ఆపుకోవాలండీ, లేకపోతే కనపడదు, మళ్లీ రమ్మంటారు" అని రెండు చెంబులు దగ్గరుండి పట్టించింది, ఇంకో సీసా సంచీలో పెట్టింది. బస్సు కొవ్వూరు దాటి బ్రిడ్జి ఎక్కేసరికి నా ప్రాణం కడబట్టింది. కింద అంత గోదావరి. చూడలేక కళ్లు గట్టిగా మూసుకుని చేతులు జోడించాను. నా భక్తికి పక్కనాయన కరిగిపోయి తనూ దణ్ణం పెట్టాడు.

సెంటరులో అందరూ గర్భిణీలే. కౌంటరులో అమ్మాయి అడిగింది. "మేడం గారేరండీ?"

"పేషెంటుని నేనేనమ్మా. కాస్త తొందరగా పిలిపించు, ఆపుకోలేకపోతున్నాను."

"స్కానింగ్ దేనికండీ?"

"మడమకి."

ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టి మొహం తిప్పుకుంది. అప్పుడే లోపలికొచ్చిన డాక్టరు గారు సంగతి విని గోడకి చేరగిలబడి నవ్వారు. కళ్లు తుడుచుకుని, "ముందు వెళ్లి రండి పంతులు గారూ. ఆ నీళ్లు మడమ దాకా దిగవండీ" అన్నారు. ఆ మాట ఆయన తర్వాత ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఊరంతా తిప్పింది మా ఆవిడే.

తెర మీద రెండు కాళ్లూ పక్కపక్కన చూపించారు. ఎడమ కాలి పొర సన్నటి చారలా ఉంది, కుడిది లావెక్కి ఉంది. "చిరగలేదండీ. కత్తితో పని లేదు. కార్తీకానికి మిమ్మల్ని నిలబెడతాను" అన్నారు. ఆ ఒక్క మాటకు నాకు ఆకలేసింది. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాను.

అక్కణ్ణుంచి వారానికి మూడు రోజులు ఆయన వేళ్లు, ఇంటి దగ్గర కసరత్తులు. మంచం దిగకముందే కండువా పాదానికి తగిలించి లాక్కోవాలి. పూజల మధ్య గోడకు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి చాపి నిలబడాలి. నేను నంది వెనక అలా నిలబడితే, ఇదేదో కొత్త మొక్కు అనుకుని ఇద్దరు ముసలమ్మలు నా పక్కన గోడ పట్టుకున్నారు. పిక్కలు తేలికపడ్డాయని మర్నాడు మరో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చారు. ఇది చెబితే డాక్టరు గారు, "నా ప్రాక్టీసు మీరు లాగేసుకుంటున్నారండీ" అన్నారు.

కార్తీకం మొదటి సోమవారం వచ్చింది. తెల్లవారేసరికే వరుస వీధి మలుపు దాటింది. పీట లోపల దాచేసి నిలబడ్డాను. గంటలు గడిచాయి. కాలు బరువెక్కింది కానీ, మేకు లేదు. ఎండ ముదిరాక వరుసలో డాక్టరు గారు కనపడ్డారు. లింగాన్ని చూడాలని అందరూ మెడలు సాచి మునివేళ్ల మీద లేస్తుంటే, ఆయనొక్కరే తల వంచుకుని ఉన్నారు. ప్రెసిడెంటు గారు నా చెవిలో, "ఎంత భక్తండీ ఆయనకి, తలే ఎత్తడం లేదు" అన్నారు. నాకు తెలుసు ఆయన ఏం చూస్తున్నారో. గడప అవతల నుంచి నా పాదాలు చూస్తున్నారు.

హారతి పళ్లెం పట్టుకుని దగ్గరికి వెళితే, మంట మీద చేతులైతే పెట్టారు కానీ చూపు కిందే ఉంది. "ఎడమ పక్కకి వాలుతున్నారండీ. రెండూ సమానంగా ఆనించండి" అని గొణిగారు. ఆనించాను. కళ్లు చెమర్చాయి, కర్పూరం పొగ అనుకుని ఉంటారు. ఆయన తృప్తిగా తల ఊపి, వెనకవాళ్లు తోస్తుంటే పక్కకు జరిగి, అలాగే బయటికి నడిచి వెళ్లిపోయారు.

స్వామికి దణ్ణం పెట్టడం మరిచిపోయారు. ఆయన తరఫున నేనే పెట్టాను, నిలబడి.