ఎండబెట్టిన పడవ

మా ఆవిడ పద్మావతికి నీళ్లంటే భయం. కోనసీమ లంకలో పుట్టిన మనిషికి ఆ భయమేమిటని అడక్కండి. చిన్నప్పుడు బడికి రేవు దాటి వెళ్లేదట. ఒకరోజు పడవ ఒరిగి పుస్తకాల సంచీతో సహా ఏట్లో పడింది. ఎవరో జడ పట్టుకుని పైకి లాగారు. పెళ్లిచూపుల్లో మా నాన్న, "మావాడికి పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం" అని చెబితే, తను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "అక్కడ ఏరుందా?" మా నాన్న లేదన్నాడు. పాపం, ఆయనకు దగ్గర్లోనే పారే మంజీర సంగతి తెలియదు. పద్మ వెంటనే ఒప్పుకుంది. అంటే నన్ను చూసి కాదు, ఏరు లేదని చేసుకుందన్నమాట. ఈ ముక్క ఇప్పటికీ వచ్చిన వాళ్లందరికీ నవ్వుతూ చెబుతుంది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అలాంటి ఇల్లాలి మొగుణ్ణి నేను, త్రినాథరావుని. ఫ్యాక్టరీలో పోతపోసే ఇనుప సామాన్లకు ముందుగా చెక్కతో నమూనాలు చేసే షాపులో పనిచేసి రిటైరయ్యాను. మా ఊరు చిట్కుల్ చెరువు గట్టున ఎవరో ఆఫీసర్లు తెరచాప పడవల క్లబ్బు పెట్టుకుంటే, వాళ్ల పడవలకు రిపేర్లు చేసిపెట్టేవాణ్ణి. ఆ మంచితనానికి నాకు మెంబర్‌షిప్ ఇచ్చారు, కుటుంబం కార్డు మీద పద్మ పేరు కూడా రాశారు. ఆ కార్డుని తను పళ్లు కుట్టుకోవడానికి కూడా వాడలేదు.

క్లబ్బు షెడ్డులోనే నా సొంత పడవ కట్టాను. రాజమండ్రి నుంచి మద్ది పలకలు తెప్పించి, పలకకీ పలకకీ మధ్య నూలు కూరి, ఏళ్ల తరబడి కట్టాను. "ఇంట్లో వంటగది తలుపు మూసుకోదు, ఈయన చెరువులో ఓడ కడుతున్నాడు" అని పద్మ చిట్కుల్ అంతా చాటింది. ఉగాదికి నీళ్లలో దించుదామని ముహూర్తం పెట్టుకున్నాను. సరిగ్గా ఆ ఉగాదికే కరోనా అని దేశానికి తాళం పడింది.

చెక్క పడవ సంగతి చెప్పాలి. నీళ్లలో ఉంటే పలక ఉబ్బి సందులు మూసుకుంటాయి. ఎండలో ఉంటే ముడుచుకుని నోళ్లు తెరుస్తుంది. అందుకని గోనె సంచులు కప్పి, రోజూ తడుపుతూ ఉంచాలి. నేను ఇంట్లో ఇరుక్కుపోతే, క్లబ్బు గేటు దగ్గరుండే సత్తెమ్మ మొక్కలతో పాటు నా పడవకీ పైపు పట్టేది. ఏప్రిల్ అంతా అలా గడిచింది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

మే నెలలో క్లబ్బు సెక్రటరీ మధుబాబు వాట్సాప్‌లో రూల్స్ పంపాడు. పడవల సంరక్షణకు అనుమతి ఇస్తున్నాం అని మొదటి లైను. చదివి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను. తర్వాతి లైన్లు చదివాను. పడవకి ఒక్కరే రావాలి. వారానికి రెండుసార్లు, గంటసేపు. సిబ్బంది మెంబర్ల పడవల్ని ముట్టుకోకూడదు. పడవని నీళ్లలోకి దించకూడదు. అరవై అయిదు దాటినవాళ్లు గేటు లోపలికి రాకూడదు.

నాకు అరవై ఏడు.

మధుబాబుకి ఫోన్ చేశాను. "బాబూ, ఎదురింటి శ్రీకాంత్ రోజూ గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీకి బస్సులో వెళ్తున్నాడు. ఆ బస్సులో మనుషులు నిలబడే చోటు లేదు. నేను ఖాళీ గట్టు మీద నా పడవ మీద నీళ్లు చల్లుకుంటే కరోనా వస్తుందా?"

"రావుగారూ, అది అత్యవసర సేవ కదండీ. మీ మంచి కోసమే" అన్నాడు. నా మంచి కోసం నన్ను ఇంట్లో కూర్చోబెట్టి, నా పడవని ఎండబెట్టారు. సత్తెమ్మ పైపు కూడా ఆగిపోయింది. నాలుగు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఐదో రోజు పద్మ కుటుంబం కార్డు ఎక్కడినుంచో వెతికి తీసి, బల్ల మీద పడేసింది.

"నాకు యాభై తొమ్మిది. నేను వెళ్తాను. మీ చిరాకు భరించడం కంటే ఆ చెక్కకి నీళ్లు పోయడమే నయం. కానీ చెరువు దగ్గరికి మాత్రం వెళ్లను."

శ్రీకాంత్ బండి మీద దింపేవాడు. షెడ్డులో పంపు ఉంది కాబట్టి చెరువు మొహం చూడక్కర్లేదు. మొదటిసారి ఫోనులో వీడియో పెట్టి నాకు చూపించింది. అటు తడుపు, ఇటు తడుపు, ముక్కు దగ్గర ఇంకాస్త అని నేను అరుస్తుంటే, "ఏవండీ, దీనికి తలస్నానం చేయిస్తున్నానా, పెళ్లికూతుర్ని చేస్తున్నానా?" అని కసిరింది. పని మాత్రం బాగానే చేసింది.

రెండోసారి వెళ్లి గంటయ్యేసరికి తిరిగొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"శుభ్రం చేసి వచ్చానండీ. కరోనా మందు చల్లే కుర్రాళ్లు వచ్చి ఆ గోనెలన్నీ చేత్తో తీసి అవతల పడేశారట. ఎవరి చేతులో, ఏం చేతులో! సంచులు ముక్కిపోయి కంపు కూడా కొడుతున్నాయి. అన్నీ ఉతికి ఆరేసి, పడవని దాని చక్రాల బండితో సహా షెడ్డు బయటికి లాగి ఎండలో పెట్టాను. ఒక్క పురుగు బతకదు."

తప్పు నాదేనేమో, ముందే పసిగట్టాల్సింది. ఆ నెలల్లో పద్మ ఎండబెట్టని వస్తువు లేదు. పాల ప్యాకెట్లు ఎండబెట్టింది. కూరగాయలు, పేపరు, చెప్పులు, నోట్లు మేడమీద బట్ట పరిచి ఎండబెట్టింది. నా కళ్లజోడు కూడా పెడితే ఫ్రేము వంకర తిరిగింది. పుట్టినప్పటి నుంచి మినప వడియాలకీ, ఆవకాయ ముక్కకీ, పరుపులకీ ఎండే మందు అని నమ్మిన మనిషి. కరోనా వచ్చి ఆ నమ్మకాన్ని ఇంకాస్త గట్టి చేసింది.

"పద్మా, నా పడవని వడియాలు పెట్టావే!" అని నెత్తి బాదుకున్నాను. తను ఏడ్చింది. నేను అన్నం తినలేదు. మళ్లీ వెళ్లడానికి మూడు రోజులు ఆగాలి. మధుబాబుని బతిమాలితే, "రూల్ అందరికీ ఒకటే రావుగారూ" అన్నాడు. మే నెల సంగారెడ్డి జిల్లా ఎండలో నా పడవ మూడు రోజులు పడి ఉంది.

మూడోసారి వెళ్లి వీడియో పెట్టింది. పడవ లోపలి నుంచి చూపిస్తోంది. పలకల మధ్య నుంచి వెలుగు గీతలు గీతలుగా కనిపించింది.

"ఇక గోనెలతో కాదు. దాన్ని చెరువులో ముంచాలి. గట్టు దగ్గరే, నడుం లోతులో. బరువుకి రాళ్లు పెట్టు. నీళ్లు తాగి తాగి పలకలు ఉబ్బుతాయి. ఎవరైనా ఇద్దర్ని పిలిచి..." అంటూ ఆగిపోయాను. ఎవర్ని పిలుస్తాం? పడవకి ఒక్కరే. పైగా నీళ్లలోకి దించకూడదు. "వద్దులే పద్మా, వచ్చెయ్" అన్నాను.

తను ఫోన్ ఎక్కడో గట్టు మీద పెట్టింది. నాకు ఆకాశం, ఒక తుమ్మకొమ్మ కనిపిస్తున్నాయి. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి.

"సత్తెమ్మా, ఆ పడవ బండి తాడు కాస్త లాగవే."

"అమ్మా, నీళ్లల్ల దింపొద్దని సార్లు చెప్పిండ్రు. నా నౌకరి పోతది. నువ్వు గూడ జెర ఆగు."

"నువ్వు పడవని ముట్టుకోవద్దు. తాడు ముట్టుకో. ఎవరడిగినా నేనే దించానని చెబుతా."

"నీకు నీళ్లంటె భయమంటివి గదా?"

బండి చక్రాలు కిర్రుమన్నాయి. నీళ్ల చప్పుడు వినిపించింది. "పద్మా! ఒసేయ్ పద్మా!" అని ఇంట్లో నుంచి అరుస్తున్నాను. ఆకాశం, తుమ్మకొమ్మ. పెద్దగా బుడగల చప్పుడు. "అమ్మో, ఇగ సాలు, జల్దీ బయటికి రా!" అని సత్తెమ్మ కేక. నా నలభై ఏళ్ల కాపురంలో అంత నిస్సహాయంగా ఎప్పుడూ లేను. ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియలేదు. మధుబాబుని తిట్టాను, కరోనాని తిట్టాను, నా అరవై ఏడేళ్లని తిట్టాను.

అరగంట తర్వాత తడిచీరతో గుమ్మంలోకి వచ్చింది. "మునిగింది. నాలుగు రాళ్లు కూడా పెట్టాను. ఇక అన్నం తినండి" అంది.

మర్నాడు క్లబ్బు గ్రూపులో ఎవరో మునిగిన పడవ ఫొటో పెట్టారు. దాని కింద దండాల బొమ్మలు, కన్నీళ్ల బొమ్మలు. పోయినవాళ్లకి పెట్టినట్టు 'చాలా బాధాకరం' అని రాశారు. మధుబాబు ఫోన్ చేసి, "గాలివానకి కొట్టుకుపోయి ఉంటుంది రావుగారూ, ధైర్యంగా ఉండండి" అని ఓదార్చాడు. నిజం చెబితే సత్తెమ్మ ఉద్యోగానికి ముప్పు. నోరు నొక్కుకుని ఊఁ కొట్టాను. చివర్లో ఆయనే, "మునిగిన పడవని పైకి తీయడం సంరక్షణ కిందికే వస్తుంది. మనుషుల్ని పెట్టి తీయిద్దాం" అన్నాడు. "తొందరేం లేదు బాబూ, మనసు కుదుటపడనీ" అన్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

జూన్‌లో లాక్‌డౌన్ సడలించారు. గుళ్లు తెరిచారు, హోటళ్లు తెరిచారు. క్లబ్బు కూడా తెరిచి పడవలు దించుకోవచ్చన్నారు. అరవై అయిదు దాటినవాళ్లకు మాత్రం ఇంకా గేటు మూసే ఉంది. మధుబాబు మనుషుల్ని పెట్టి నా పడవని పైకి తీయించాడు. ఇక దాన్ని నీళ్లమీద పెట్టి, కార్డు ఉన్నవాళ్లు అందులో కూర్చుని కారడం లేదని చూపించాలట. అలా అయితేనే షెడ్డులో చోటు ఇస్తారు.

నేను ఆగలేదు. బండి తీసి చెరువు కట్ట మీది రోడ్డుకి వెళ్లాను. కంచె ఇవతల నిలబడ్డాను. అది రోడ్డు, దానికి మధుబాబు రూల్ లేదు.

నా పడవ నీళ్ల మీద ఉంది. నేను ఏళ్ల తరబడి కలగన్నది ఇదే, కానీ అందులో నేను లేను. చీర మీద నారింజ రంగు లైఫ్ జాకెట్టు తొడుక్కుని, రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని పద్మ కూర్చుంది. గట్టు మీద సత్తెమ్మ తాడు పట్టుకుంది. ఈసారి మధుబాబే పట్టుకోమన్నాడట. నా పడవలో నాకంటే ముందు, నీళ్లంటే హడలిపోయే మనిషి కూర్చుంది. అసూయతో నిజంగానే కన్నీళ్లొచ్చాయి.

పద్మ నెమ్మదిగా కళ్లు తెరిచింది. ఒక చెయ్యి అంచు మీద నుంచి వదిలింది. వంగి పడవ అడుగున అరచెయ్యి రాసింది. ఆ చేతిని పైకెత్తి, తిప్పి చూసుకుంది. తర్వాత కంచె వైపు తిరిగి, అరచెయ్యి నాకు చూపించింది. చుక్క కూడా కారలేదు.

ఫోన్ మోగింది. "పొడిగా ఉందండీ" అంది. "ఇప్పుడేం చెయ్యమంటారు?"

ఇన్ని రోజులూ అటు తడుపు, ఇటు తడుపు అని ఒకటే అరిచినవాణ్ణి. ఈసారి గొంతు తగ్గించాను.

"ఏమీ చెయ్యకు పద్మా. గంట ఇచ్చారుగా, కాసేపు అలాగే కూర్చో" అన్నాను.

కూర్చుంది. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను.