ఇశ్రాయేలు గారి ఫత్తూష్

బంతి లేచాక, ఎంగిలాకులు ఎత్తకముందు, వంటమేస్త్రి ఇశ్రాయేలు గారు వరస పొడుగునా ఒకసారి నడిచేవారు. ఏ ఆకులో ఏం మిగిలిందో చూసుకునేవారు. మెచ్చుకోళ్ళు మొహమాటానికి కూడా వస్తాయి, ఆకు మాత్రం అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం. అల్లవరం చుట్టుపక్కల ముప్పయ్యేళ్ళు వండిన మనిషి. ఎవరి ఆకులోనైనా తన వంట మిగిలిందంటే ఆ పూట ఆయన అన్నం ముట్టరు. అంత పట్టింపున్న చేతికి రుచి రాక ఏమవుతుంది?

ఎనభై మూడులో అల్లవరం కుర్రాడు ప్రభాకరరావు తన చెల్లెలు సువర్ణ పెళ్ళికి కువైట్ నుంచి వచ్చాడు.

"బాబాయిగారూ, అక్కడ తినే సలాడొకటి పెట్టించాలండి. ఫత్తూష్ అంటారు," అన్నాడు. కీరా, టమాటా, ఉల్లిపాయ, పుదీనా, నిమ్మరసం, ఓ పుల్లటి పొడి, వేయించిన రొట్టె ముక్కలు.

"అందులో రొట్టె ఎందుకు బాబూ?"

"మిగిలి ఎండిపోయిన రొట్టె పారెయ్యలేక ఎవరో పేదోళ్ళు మొదలెట్టేరంటండి. ఇప్పుడు పెద్ద హోటళ్ళలో కూడా పెడతన్నారు."

తెలీదు అనే మాట ఇశ్రాయేలు గారి నోట రాదు. "ఆయ్, చేసేద్దాం," అన్నారు. పుల్లటి పొడికి బదులు మామిడి ఒరుగులు దంచారు. రొట్టెలు అమలాపురం నుంచి తెప్పించారు.

తీరా ఆయన అనుభవమే కొంప ముంచింది. పెరుగుపచ్చడికి ముక్కలు తరిగీ తరగగానే ఉప్పు కలపడం ఆయనకు అలవాటు. పెళ్ళిరోజు పొద్దున్నే కీరా, టమాటా ముక్కల్లోనూ ఆ చెయ్యి ఉప్పు కలిపేసింది, పనైపోతుందని రొట్టె ముక్కలు కూడా వేసేసింది. వడ్డించే వేళకి మూత తీస్తే గంగాళం నిండా నీళ్ళు, అందులో నాని పిండైన రొట్టె. అవతల రెండు వందలమంది ఆకుల ముందు కూర్చున్నారు. 

అప్పుడే పాస్టరు గారు ప్రార్థనకు లేచారు. ఆయన ప్రార్థన ఆదాము దగ్గర బయల్దేరి పెళ్ళికూతురి దాకా రావాలి. ఎంత లేదన్నా పావుగంట. ఇశ్రాయేలు గారు రొట్టె ఏరి పారేశారు. ముక్కలన్నీ గుప్పిళ్ళతో పిండి, కొత్త పుదీనా తుంచి, నిమ్మకాయలు పిండారు. మరి కరకరలాడేది ఏది? ఆయన సామాన్ల పెట్టెలో రెండు డబ్బాల అన్నం వడియాలున్నాయి.

అది తల్లి దానమ్మ నేర్పిన విద్య. ఆవిడ పొలం కూలీ. కామందుల ఇళ్ళలో పెళ్ళిళ్ళయ్యాక మిగిలిన అన్నం తెచ్చి, ఉప్పూ జీలకర్రా కలిపి, చాప మీద ఎండబెట్టేది. పనుల్లేని వానాకాలంలో పిల్లలకు గంజిలో నంజుకోడానికి అవే. వంటమేస్త్రి అయ్యాక ఇశ్రాయేలు గారు ఏ పెళ్ళిలోనూ మెతుకు పారబోయనివ్వలేదు, తనూ వడియాలు పెట్టేవారు. అప్పడాల కోసం కాగిన నూనె పొయ్యి మీద ఉండనే ఉంది. అందరూ ఆమేన్ అనేసరికి వడియాలు పొంగి సలాడ్‌లో పడ్డాయి.

భోజనాలయ్యాక ఆయన నడక మొదలైంది. వరస పొడుగునా ఆకులు ఖాళీ. చివరి ఆకులో మాత్రం సలాడ్ పెట్టింది పెట్టినట్టే ఉంది. దాని ముందు ప్రభాకరరావు ఒక్కడే ఇంకా కూర్చుని ఉన్నాడు.

"బాగాలేదా బాబూ?"

"దానికేసే చూళ్ళేదండి." అతను తల దించుకున్నాడు. "ఆరేళ్ళు కూలోళ్ళ క్యాంపులో నాకదే కూడండి. హోటల్లో మిగిలిన రొట్టె తెచ్చుకుని కలుపుకునేవోణ్ణి. మనోళ్ళకి గొప్పగా ఉంటదని పెట్టించేను గానీ, నా నోటికి పోవట్లేదండి."

ఇశ్రాయేలు గారు అతని పక్కనే చతికిలబడ్డారు.

"అందులో రొట్టె లేదు నాయనా. మా అమ్మ పెట్టే అన్నం వడియాలు."

ప్రభాకరరావు ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలి, మరొకటి తీసుకున్నాడు.

"మా అమ్మా పెట్టేదండి," అన్నాడు. ఇక ఆకులోంచి తల ఎత్తలేదు.

అతను తినడం అయ్యేదాకా ఇశ్రాయేలు గారు అక్కణ్ణుంచి కదల్లేదు. అప్పుడు తనకూ ఓ ఆకు వెయ్యమన్నారు.