బొటనవేలు కనబడాలి

కళ్లద్దాల దుకాణంలో అద్దాలు బిగించే ఆ మనిషికి రెండు పేర్లున్నాయి. ఇంట్లో మరిది పిలిచేది వదిన. ఫోనులో లక్షమంది పిలిచేది బొటనవేలక్క. మొదటిది పెళ్లితో వచ్చింది, రెండోది మొండితనంతో సంపాదించుకుంది.

ఫోనులో ఆమె నడిపే గ్రూపు పేరు 'ముక్కున వేలు'. ఎక్కడైనా వింత కనబడితే ఫోటో తీసి అందులో పెట్టాలి. షరతు ఒక్కటే: ఆ వస్తువు పక్కన, తీసినవాళ్ల బొటనవేలు కనబడాలి. వేలు లేదంటే నువ్వు అక్కడ లేవన్నమాట, ఎవడో పంపింది తెచ్చి ఇక్కడ పారబోస్తున్నావన్నమాట. అలాంటిది ఎంత గొప్పదైనా ఆమె క్షణం ఉంచేది కాదు. అందుకే అక్కడికి వచ్చేవన్నీ చిన్న చిన్న వింతలు. ఆరకముందే కుక్క తొక్కేసిన ఇటుక, పక్కన మేస్త్రీ వేలు. ఏళ్ల తరబడి ఒకే వైపు గోకీ గోకీ సగం అరిగిపోయిన గరిటె, పక్కన వంటావిడ కాలిన వేలు. వింతలకన్నా ఆ వేళ్లు చూడ్డానికే వచ్చేవాళ్లూ ఉన్నారు.

గ్రూపు నడపడంలో మరిది సాయం చేసేవాడు. హుషారైనవాడే, కాకపోతే తొందరెక్కువ.

"నీ షరతు వల్లే మనం నత్తనడక నడుస్తున్నాం వదినా! జనం ఇంకాస్త పెరిగితే సబ్బుల కంపెనీవాళ్లు ప్రకటనలిస్తామంటున్నారు," అని చెవిలో జోరీగలా పోరేవాడు. ఆమె దగ్గర ఆ పప్పులు ఉడకలేదు.

ఒక ఆదివారం గ్రూపు హోరెత్తిపోయింది. రాయి పగలగొడితే లోపల బతికున్న కప్ప! పెట్టింది మరిదే. పక్కన అతని బొటనవేలు, దానికి నీలం గుడ్డ కట్టు. జనం నోరెళ్లబెట్టి చూశారు, చూసినవాళ్లు పదిమందికి పంపారు, సాయంత్రానికి గ్రూపు రెట్టింపయింది. అత్తగారు వీధిలో కనబడ్డ ప్రతివాళ్లకీ కొడుకు పెట్టిన కప్పను చూపించింది.

బొటనవేలక్క మాత్రం కప్పను చూడలేదు, కట్టును చూసింది. డబ్బా మూతతో వేలు కోసుకుని మరిది ఇంటికొస్తే, తన పాత చీర చింపి ఆ కట్టు కట్టింది తనే. గాయం మానాక విప్పిందీ తనే. అదంతా ఎప్పటి మాట! ఇప్పుడు అతని వేలికి ఏ కట్టూ లేదు.

"ఈ వేలు ఎప్పటిది?" అని నిలదీసింది.

మరిది నసిగాడు. "కప్ప ఎవరో పంపారు వదినా. నా పాత ఫోటోలోంచి వేలు తీసి అతికించాను. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసిందిగా."

"నువ్వు చెప్తే తప్ప ఇంకెవరికీ తెలీదు. ఒక్క అబద్ధానికి ఎవరి కొంప మునిగింది?"

అత్తగారు అందుకుంది. "ఇంటి గుట్టు వీధిలో పెడతావా ఏంటమ్మా? వాడి పరువేం కాను?"

ఆమెకు ఒళ్లు మండింది. పరాయివాడు చెవిలో పువ్వు పెడితే తీసి పారేసే మనిషి, ఇంట్లోవాడు పెట్టాడని తలలో తురుముకోవాలా?

కప్పను తీసేసింది. దాని చోట ఇలా రాసింది: 'కప్ప అబద్ధం. వేలు మా మరిదిది, పాతది, అతికించింది. ఈ మోసం గ్రూపు నడిపే మా ఇంట్లోనే పుట్టింది. తప్పు మాది. షరతు మాత్రం మారదు.'

తిట్లు కుండపోతగా కురిశాయి. కప్ప కోసం వచ్చినవాళ్లే కాదు, పాతవాళ్లూ బిలబిలమంటూ వెళ్లిపోయారు. ఇంట్లో దొంగను పెట్టుకుని మాకు నీతులా అన్నారు. సబ్బుల కంపెనీ ఫోను ఎత్తడం మానేసింది. అత్తగారు ముఖం గంటు పెట్టుకుని మాట్లాడటం మానేసింది. బొటనవేలక్కకూ ఏడుపొచ్చింది. ఒక్కొక్కరుగా పోగేసుకున్న మనుషులు మరి. కానీ రాసినదాంట్లో ఒక్క అక్షరం చెరపలేదు.

మర్నాడు దుకాణానికి ఒక గుమస్తా కళ్లద్దాలు బాగుచేయించుకోడానికి తెచ్చాడు. ఆలోచన వచ్చినప్పుడల్లా తీసి కొరుకుతాడట, ఒక పక్క కాడ చెవిదాకా అందడం మానేసింది. ఆమె ఫక్కున నవ్వింది. అతన్ని అడిగి, కళ్లద్దాలు బల్ల మీద పెట్టి, పక్కన తన వేలు ఆనించి ఫోటో తీసింది.

అన్నం క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన మరిది అది చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఇంకా ఎవరున్నారని పెడుతున్నావు వదినా?"

"నేనున్నానుగా," అంటూ ఆమె ఫోటో గ్రూపులో పెట్టేసింది. "నువ్వూ ఉండాలనుకుంటే వేలు తెచ్చుకో. అతికించింది కాదు, చేతికున్నది."